శిథిలాలు ఎక్కడ దించాలి?

మందిరం పక్కనున్న పాత పెంకుటిల్లు విప్పినప్పుడు, శిథిలాలు ఎత్తించడానికి మేము ట్రాక్టరు మాట్లాడుకున్నాము. “చెరువులో దించేస్తే డీజిలు కలిసొస్తుంది అయ్యగారూ” అన్నాడు డ్రైవరు. మా సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. ఆ నీళ్లే ఊరి పొలాలకు ఆధారం. పనికొచ్చే పెంకులు, దూలాలు ఒక విధవరాలి పశువుల పాకకు ఇచ్చాము. ఇటుక ముక్కలతో సమాధుల తోట దారిలో గుంతలు పూడ్చాము.

నెహెమ్యా 4వ అధ్యాయంలో బరువులు మోసేవారి బలం తగ్గిపోవడానికి చెత్త కుప్పలు కూడా కారణమే. అయినా 52 దినాలలో ప్రాకారం పూర్తయింది.

మనసులోని కోపాన్ని ఖాళీ చేసుకోవడం మంచిదే. కానీ దాన్ని ఇంట్లోవాళ్ల మీదో, పొరుగువాని వాకిట్లోనో దించితే అది శుద్ధి కాదు. ఆ బరువును సిలువ దగ్గరే దించుదాం. ఆమేన్.