బీడు హెడ్డు, సత్తు హెడ్డు

మా ఇంట్లో అల్యూమినియాన్ని సత్తు అనేవాళ్లం. అమ్మ పాలు కాచే గిన్నె సత్తుది. పెళ్లిళ్లకు అద్దెకు తెచ్చే పెద్ద గిన్నెలు సత్తువి. కాస్ట్ ఐరన్‌ని బీడు అనేవాళ్లం. ఆ మాట వంటింట్లోంచి రాలేదు, నాన్న షెడ్డులోంచి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన ముప్పై ఏళ్లకు పైగా సిలిండర్ హెడ్లు బాగుచేశారు. వాల్వు సీట్లు కోయడం, గైడ్లు మార్చడం, వంగిన హెడ్డును మిషన్ మీదికెక్కించి ఫేసింగ్ చేయడం ఆయన పని. అంబాసిడర్ హెడ్డు బీడుది. తెచ్చిన కుర్రాడు దాన్ని బల్ల మీదకు దించి, నడుం పట్టుకుని కాసేపు నిలబడేవాడు. ఫియట్ హెడ్డు సత్తుది. దాన్ని చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లు. వేసవి సెలవుల్లో ఆ బల్ల పక్కన కూర్చునే నాకు ఈ రెండు లోహాల తేడా ముందు బరువుగానే తెలిసింది.

ఇప్పుడు నేను మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్క ఊళ్లో ఉంటున్నాను. నా గరాజ్‌లో 1972 నాటి షెవ్రొలే నోవా ఉంది. దాని ఇంజన్ 350 ఘనపుటంగుళాల వి8, లీటర్లలో చెబితే 5.7. రెండేళ్ల కిందట దాన్ని విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. నాకు కావలసింది రేసు ఇంజన్ కాదు. శనివారం పొద్దున కూరగాయలకు వెళ్లి రావాలి, ఎర్రదీపాల దగ్గర ఓపిగ్గా నిలబడాలి, ఖాళీ రోడ్డు దొరికి కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కోవాలి. ఇలాంటి ఇంజన్ కట్టేవాళ్లందరికీ ఒక చోట చెయ్యి ఆగుతుంది. హెడ్లు బీడువి పెట్టాలా, సత్తువి పెట్టాలా?

ఈ ప్రశ్న పుట్టిన నేల కూడా ఇదే. మా ఊరికి ఉత్తరాన గంట దూరంలో ఉన్న ఫ్లింట్‌లోనే షెవ్రొలే వాళ్లు 1955 కార్ల కోసం తమ స్మాల్ బ్లాక్ వి8ని తయారుచేశారు. చీఫ్ ఇంజనీర్ ఎడ్ కోల్. అప్పుడు దాని పరిమాణం 265 ఘనపుటంగుళాలే. బ్లాకూ బీడే, హెడ్లూ బీడే. కానీ గోడలు పల్చగా వచ్చేలా పోత పోశారు కాబట్టి ఆ రోజుల లెక్కకు అది తేలికైన ఇంజన్. ఆ వంశంలో పదికోట్లవ ఇంజన్ 2011 నవంబరు 29న తయారైంది. నా నోవాలోది ఆ పదికోట్లలో ఒకటి. డెట్రాయిట్‌నుంచి పాంటియాక్ వైపు సాగే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1960లలో కుర్రాళ్లు రాత్రిపూట పందేలు వేసుకున్న కార్లలో చాలావాటి గుండె ఇదే. 1995 నుంచి ఏటా ఆగస్టులో అదే రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది.

హెడ్డు చేసే పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దాని అడుగున మంట, రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటిన మంట. ఆ మంటకు అంగుళం లోపే నీళ్ల దారి. ఒక పక్కనుంచి చల్లటి గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, ఇంకో పక్కనుంచి నిప్పులాంటి పొగ బయటికి పోతుంది. నిమిషానికి కొన్ని వేలసార్లు వాల్వులు సీట్ల మీద పడి లేస్తుంటాయి. ఇంత వేడిని ఎంతసేపు పట్టుకోవాలి, ఎంత తొందరగా వదిలెయ్యాలి? బీడుకూ సత్తుకూ అసలు తేడా అక్కడే ఉంది.

ఆ తేడా అమ్మకు ఏ పుస్తకమూ లేకుండా తెలుసు. బీడు పెనం వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది. వేడెక్కాక పొయ్యి ఆర్పినా ఇంకో దోసె కాలుస్తుంది. సత్తు గిన్నె పొయ్యి మీద పెట్టగానే వేడెక్కుతుంది, దించగానే చల్లారుతుంది. అంకెల్లో చెప్పుకుంటే, హెడ్లకు వాడే అల్యూమినియం మిశ్రమం బీడు కన్నా దాదాపు మూడింతలు చురుగ్గా వేడిని దాటిస్తుంది. అంటే సత్తు హెడ్డు మంట వేడిని గబగబా నీళ్లకు అందించేస్తుంది. బీడు హెడ్డు కొంత తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది.

వేడిని వదిలెయ్యడమే మంచిదని పైకి అనిపిస్తుంది. కానీ పిస్టన్‌ను కిందికి తోసేది ఆ వేడే. నీళ్లలోకి పోయిన వేడి చక్రానికి చేరదు. అందుకే పాత బీడు హెడ్లు తీసేసి, అదే గాలిదారులూ అదే కుదింపూ ఉన్న సత్తు హెడ్లు బిగిస్తే హార్స్‌పవర్ పెరగదు. ఒక పిసరు తగ్గినా తగ్గవచ్చు. మరి సత్తు వల్ల లాభం ఎక్కడుంది? మంటగది గోడలు చల్లగా ఉంటాయి కాబట్టి పెట్రోలు తనంతట తాను ముందే అంటుకుని పేలిపోయే నాకింగ్ ఆలస్యమవుతుంది. ఆ వెసులుబాటుతో పిస్టన్ మిశ్రమాన్ని ఇంకాస్త గట్టిగా కుదించవచ్చు. ఇక్కడి బంకుల్లో దొరికే ప్రీమియం పెట్రోలుతో రోడ్డు మీద తిరిగే పాత పద్ధతి ఇంజన్‌కు, బీడు హెడ్లతో 9 నుంచి 9.5 దాకా, సత్తు హెడ్లతో 10 నుంచి 10.5 దాకా కుదింపు నిష్పత్తి పెట్టుకోవడం చాలామంది పాటించే లెక్క. సత్తు హెడ్డు ఇచ్చే బలం ఆ ఒక్క మెట్టులో ఉంది. ఆ మెట్టు ఎక్కకపోతే సత్తు మిగిల్చేది బరువు ఒక్కటే.

ఆ బరువు చిన్నదేమీ కాదు. స్మాల్ బ్లాక్ బీడు హెడ్డు ఒక్కోటి సుమారు 20 కిలోలు, సత్తుదైతే అందులో సగం. రెండు హెడ్లకూ కలిపి కారు ముక్కు మీంచి 20 కిలోలు దిగిపోతాయి. ముందువైపు బరువుగా ఉండే నోవా లాంటి కారు మలుపులో ఆ తేడాను చూపిస్తుంది. ఒంటరిగా గరాజ్‌లో పనిచేసే మనిషి నడుం అంతకన్నా ముందే చూపిస్తుంది.

కంపెనీ కూడా రెండు లోహాలనూ పక్కపక్కనే వాడింది. 1967 కార్వెట్‌లో ఎల్88 అనే 427 ఘనపుటంగుళాల ఇంజన్ సత్తు హెడ్లతో వచ్చింది. ఆ ఏడాది అలాంటి కార్లు 20 మాత్రమే తయారయ్యాయి, అవి పందెం కోసం పుట్టినవి. 1990లలో ఎల్‌టీ1 అనే ఇంజన్‌ను కార్వెట్‌కు సత్తు హెడ్లతో ఇచ్చారు, బరువైన ఇంపాలా ఎస్ఎస్‌కు బీడు హెడ్లతో ఇచ్చారు. ఒకే ఇంజన్ కుటుంబం. పరుగు కారుకు ఒక లోహం, పెద్ద సెడాన్‌కు ఇంకో లోహం. 1997లో వచ్చిన ఎల్ఎస్1లో బ్లాకు కూడా సత్తుదైంది. ఈ కథలో నాకు కనబడేది గెలుపోటములు కావు. ఏ కారు ఏ పనికి వెళ్తుందో చూసి లోహం ఎంచుకున్నారు.

రోగాలు కూడా దేనివి దానికే. బీడు హెడ్డు బాగా కాగితే పగుళ్లిస్తుంది, ముఖ్యంగా రెండు వాల్వు సీట్ల మధ్య. ఆ పగులును అతికించడం కష్టమైన పని. సత్తు హెడ్డు కాగితే వంగుతుంది, మెత్తబడుతుంది. కానీ దాన్ని వెల్డింగ్ చేసి, ఫేసింగ్ చేసి మళ్లీ నిలబెట్టవచ్చు. వేడికి సత్తు బీడు కన్నా రెండింతలు సాగుతుంది. బీడు బ్లాకు మీద సత్తు హెడ్డు కూర్చుంటే, ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ రెంటి మధ్య గ్యాస్కెట్ రాపిడికి గురవుతుంది. అందుకు తగిన గ్యాస్కెట్ ఎంచుకోవాలి, ప్రతి బోల్టు తల కిందా గట్టి ఉక్కు వాషర్ వెయ్యాలి. కూలెంట్ పాతబడితే సత్తును లోపల్నుంచి తినేస్తుంది. వేడిమీదే స్పార్క్ ప్లగ్ విప్పితే మరలు ప్లగ్గుతోపాటు ఊడివస్తాయి. బీడు ఇన్ని జాగ్రత్తలు అడగదు.

వాల్వు సీట్ల సంగతి మరొకటి. పాత బీడు హెడ్డులో సీటును హెడ్డులోనే కోసేవాళ్లు. పెట్రోలులోని సీసం ఆ సీటుకు మెత్తలా పనిచేసేది. 1970ల మొదట్లో ఇక్కడ సీసం తగ్గించడం మొదలయ్యాక పొగ వాల్వు సీట్లను ఫ్యాక్టరీలోనే గట్టిపరచడం మొదలుపెట్టారు. సత్తు హెడ్డుకు ఆ బెంగ లేదు, దాంట్లో గట్టి లోహపు సీట్లు విడిగా దిగ్గొడతారు. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం పెట్రోలు పోయినప్పుడు, అంబాసిడర్ హెడ్లకు సీటు రింగులు వేయించుకునేవాళ్లు నాన్న షెడ్డు ముందు నిలబడడం నాకు గుర్తుంది.

ఇవన్నీ తెలిసి కూడా నేను నెల రోజులు ఊగిసలాడాను. గరాజ్ గోడకు రెండు కాగితాలు అతికించాను. ఒకదాని మీద మెరిసే కొత్త సత్తు హెడ్ల కొలతలు. ఇంకోదాని మీద 1996 నుంచి షెవ్రొలే పికప్పులకు వచ్చిన వోర్టెక్ బీడు హెడ్లవి. వోర్టెక్ హెడ్డు బీడే అయినా గాలిదారులు చక్కగా దిద్దినవి, మంటగది 64 సీసీలది. నా కారుతో వచ్చిన పాత హెడ్ల కన్నా ఎంతో నయం. సత్తు హెడ్ల ధరతో పోలిస్తే పాత సామాను దుకాణంలో వాటి ధర తక్కువ. కాకపోతే వాటికి వేరే మేనిఫోల్డ్ కావాలి, వాల్వు మరీ ఎత్తుకు లేచే క్యామ్ పెడితే గైడ్ల దగ్గర కోత పని పడుతుంది.

అప్పుడే నాన్న, అమ్మ ఆరు నెలలకు మా దగ్గరికి వచ్చారు. మర్నాడు పొద్దున్నే నాన్న గరాజ్‌లో ఉన్నారు. గోడ మీది కాగితాల వంక చూడలేదు.

"పిస్టన్లు ఏవిరా?" అని అడిగారు.

"పైన చదునుగా ఉండేవి నాన్నా. బ్లాకులో వేసేశాను."

"ఈ బీడు హెడ్డు పెడితే కుదింపు ఎంతొస్తుంది?"

"తొమ్మిదిన్నర."

"అయితే ఇంకేం ఆలోచిస్తున్నావు? తొమ్మిదిన్నర బీడు తట్టుకుంటుంది. సత్తు కావాలంటే దానికి తగ్గట్టు ముందునుంచీ కట్టాలి. సగం కట్టాక హెడ్డు మారిస్తే దాని బలం దానికి రాదు."

నెల రోజుల ఊగిసలాట అక్కడితో తీరింది. నేను లోహాన్ని విడిగా చూస్తున్నాను. ఆయన మొత్తం ఇంజన్‌ను చూశారు. పిస్టన్, మంటగది, క్యామ్, పెట్రోలు, తిరిగే రోడ్డు ఇవన్నీ ఒక మాట మీద ఉండాలి. ఆ మాటను కుదింపు అంకె చెబుతుంది. హెడ్డు లోహం ఆ అంకె తర్వాత రావలసిన ప్రశ్న. పది దాటించి, క్యామ్ కూడా దానికి సరిపోయేది వేసి, ముక్కు మీద బరువు తగ్గించాలనుకునేవాళ్లు సత్తు తీసుకోవాలి, ఖర్చుకు వెనకాడకూడదు. తొమ్మిదిన్నర దగ్గర ఆగే మామూలు రోడ్డు ఇంజన్‌కు మంచి దారులున్న బీడు హెడ్డు ఏ లోటూ చెయ్యదు. ఏ లోహమైనా దారులు ఇరుకైతే ఇంజన్‌కు ఊపిరాడదు. డబ్బు ముందు ఆ దారుల మీద పెట్టాలి.

పాత సామాను దుకాణంలో రెండు వోర్టెక్ హెడ్లు తెచ్చాను. కడిగి ఆరబెట్టాక నాన్న వాటిని చెక్కముక్కల మీద నిలబెట్టి, చిన్న సుత్తితో ఒక్కోదాన్నీ తట్టారు. సంతలో కుండను తట్టి చూసినట్టే. మొదటిది ఖంగుమంది, ఆ మోత కాసేపు గాలిలో నిలిచింది. రెండోది మొద్దుగా పలికి ఆగిపోయింది. ఆయన ఇంకోసారి తట్టి, "ఇది వెళ్లిపోయిందిరా" అన్నారు. మిషన్ షాపులో ఆ హెడ్డుకు అయస్కాంతం పెట్టి ఇనప పొడి చల్లితే, ఒక గదిలో రెండు సీట్ల మధ్య పొడి వెంట్రుకంత గీతలా పేరుకుంది. ఇది బీడుకు మాత్రమే పనికొచ్చే పరీక్ష. అయస్కాంతం అంటని సత్తుకు రంగు ద్రవం పూసి, గాలి ఒత్తిడి పెట్టి చూడాలి. పగిలిన హెడ్డును పక్కనపెట్టి ఇంకోటి తెచ్చాను. తెచ్చేముందు దుకాణంలోనే తట్టి చూశాను.

బిగించే రోజు నాన్న స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఒక్కో హెడ్డుకు 17 బోల్టులు. వాటిలో చాలావాటి కొసలు నీళ్ల దారిలోకి దిగుతాయి కాబట్టి మరలకు సీలెంట్ రాయాలి. మధ్యలోంచి బయటికి, మూడు విడతలుగా, చివరికి 65 అడుగుల పౌండ్లు. పానా టక్కుమన్న ప్రతిసారీ ఆయన తల ఊపారు.

ఆగస్టు మూడో శనివారం ఇద్దరం వుడ్‌వర్డ్ మీదికి వెళ్లాం. కార్లన్నీ నత్తనడక. మండే ఎండలో రెండు గంటలు ఆగుతూ కదులుతూ గడిచింది. రోడ్డు ఇంజన్ బతుకులో ఎక్కువ భాగం ఇలాంటిదే. ముల్లు 200 ఫారన్‌హీట్ దగ్గర నిలకడగా ఉంది. తిరుగు దారిలో ఖాళీ దొరికినచోట కాలు నొక్కాను. నాన్న చెవి ఇంజన్ వైపు ఒగ్గి విన్నారు. నాకింగ్ లేదు. సీటుకు వీపు ఆనించి కూర్చున్నారు.

ఇంటికొచ్చి భోంచేశాక ఆయన కనిపించకపోతే గరాజ్‌లోకి వెళ్లాను. బానెట్ ఎత్తి ఉంది. హెడ్డు చివర ఏ మూతా లేని చోట అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. వచ్చి గంట దాటింది. నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టారు. బీడు ఇంకా వెచ్చగానే ఉంది.