వండిన చేతులు

మా సంఘ యౌవనులలో అనేకులు హైటెక్ సిటీలో పనిచేయువారు. ఫోనులో అడిగిన భోజనము వారి బల్లయొద్దకే వచ్చును. వండినవారి ముఖము మాత్రము కనబడదు. రంజాను మాసమున ఒక సాయంకాలము, వారితోకూడ మార్గదర్శి వెంట పాతబస్తీలో కాలినడకన రుచుల యాత్ర చేసితిమి. 1591లో కట్టబడిన చార్మినారు చెంత, పాలు వేరుగా డికాషను వేరుగా కాచి కలిపిన ఇరానీ చాయి త్రాగితిమి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హలీమును గోధుమలు, మాంసము గంటలకొలది ఉడికించి, కఱ్ఱతో మెదిపి వండుదురు. దానిని వండిన పెద్దాయన పగలంతయు ఉపవాసముండి, తాను రుచియైనను చూడక, ఇతరులకొరకు మెదిపెనని తెలిసెను.

ప్రియ చదువరులారా, భోజనమునకు ముందు దేవుని స్తుతించుట మంచిదే. అయితే వండిన చేతులను, తెచ్చిన కాళ్లను మరచిన స్తుతి సగము స్తుతియే. నేటి రాత్రి భోజనము తెచ్చి తలుపు తట్టు కుఱ్ఱవానికి గ్లాసెడు మంచినీళ్లు ఇయ్యుడి.