ప్రధానపు ఉంగరం



ఫిబ్రవరి వచ్చిందంటే దర్శి చుట్టూ కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఆరబోసిన మిరపకాయల ఘాటు బస్సులోకి కూడా వస్తుంది. సాగర్ కాలువ కింద వరి, మెట్టన కంది, పత్తి, మిర్చి. మా సంఘంలో పెండ్లిండ్లు ఈ పంట డబ్బు చేతికందాకే నిశ్చయమవుతాయి.

2025లో అలాంటి ఒక రోజున మా సంఘస్థుడొకాయన మందిరం వరండాలో కూర్చుని, "అయ్యగారూ, అమ్మాయికి సంబంధం కుదిరింది. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. ప్రధానంలో మనం పెట్టే ఉంగరం వజ్రానిది కావాలంటున్నారు. కొనడానికి మీరు కూడా ఒంగోలు రావాలండీ" అన్నాడు. ప్రార్థన చేసి సరేనన్నాను. డబ్బు ఎక్కడిదని అడగలేదు. ఎన్నో ఉంగరాలను ప్రార్థించి వధూవరుల చేతికిచ్చాను గాని, ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు.

చీమకుర్తి దారిన బయలుదేరాము. అక్కడి క్వారీలలో నల్లరాయి మీద బంగారు చుక్కలు మెరుస్తాయి. గెలాక్సీ గ్రానైటని దేశదేశాలకు వెళుతుంది. వజ్రం కూడా మనకు పరాయిది కాదు. కృష్ణ ఒడ్డున ఉన్న మన కొల్లూరు గనులను 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు చూసి, అరవై వేలమంది పని చేస్తున్నారని వ్రాశాడు. కోహినూరు అక్కడిదేనంటారు. నేడు ఆ చోటు పులిచింతల జలాశయం క్రింద ఉన్నది. అయితే ప్రధానానికి వజ్రముండాలన్న ఆచారం మన పెద్దలది కాదు, బైబిలుది అంతకంటే కాదు. 1930ల చివర డి బీర్స్ కంపెనీ మొదలుపెట్టిన ప్రకటనలే దాన్ని లోకమంతా పాకించాయి.

ఇవన్నీ చెబుతుంటే ఆయన కిటికీలోనుంచి చూస్తూ, మెల్లగా అన్నాడు: "కాయలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయండీ. ధర లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను." ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. అంతకు ముందు ఏళ్ళలో ఇరవై వేలు చూసిన రైతుకు అది ఏపాటి?

ఒంగోలు దుకాణంలో అబ్బాయి, అమ్మాయి, ఆమె అన్న ముందే ఉన్నారు. గుమాస్తా ఓపికగా చెప్పాడు. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. దానిలో నూరో వంతు సెంటు. బరువొక్కటే చాలదు. రంగు, స్వచ్ఛత, కోత కూడా చూడాలి. కోత బాగుంటేనే మెరుపు. ప్రయోగశాల సర్టిఫికెట్ అడగాలి. కొన్ని రాళ్ళ అంచున ఆ నంబరు చెక్కి ఉంటుంది, భూతద్దంలో సరిచూసుకోవాలి. బంగారానికి హాల్‌మార్కు, ఆరు అక్షరాంకెల గుర్తింపు చూడాలి. యంత్రాలలో చేసిన వజ్రం కూడా నిజమైన వజ్రమే, వెల చాలా తక్కువ, కంటికి తేడా తెలియదు. కనుక ఏది ఏదో బిల్లులో వ్రాయించుకోవాలి. తిరిగి అమ్మేటప్పుడు రాయికి పెట్టిన వెల సాధారణంగా రాదు.

అర క్యారెట్ ఉంగరం లక్ష దాటింది. ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. నాకిక ఊరకుండ బుద్ధి పుట్టలేదు. ఆయనను ప్రక్కకు పిలిచి, "ఆ వడ్డీ సంగతి అబ్బాయికి చెప్పండి" అన్నాను. "సంబంధం చెడితే మీరు పెండ్లి చేస్తారా అయ్యగారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చాలాసేపటికి ఆయనే వెళ్ళి, తల వంచుకుని చెప్పాడు.

అమ్మాయి ముఖం పాలిపోయింది. అబ్బాయి బయటికి వెళ్ళి ఇంటికి ఫోను చేశాడు. అరగంట పట్టింది. తిరిగివచ్చి, "మామయ్యగారూ, ఇద్దరికీ సాదా బంగారు ఉంగరాలు చాలు. నాది నేను కొనుక్కుంటాను" అన్నాడు. ప్రధానంనాడు అతని తల్లి నాతో మాట్లాడలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉన్నది. కాని తెచ్చిన అప్పు మరుసటి రోజే తిరిగి వెళ్ళింది.

ఆదికాండము 24లో అబ్రాహాము దాసుడు రిబ్కాకు బావి యొద్ద ముక్కుకమ్మి ఇచ్చాడు, నిజమే. కాని ఇంటికి వచ్చాక, తాను వచ్చిన పని చెప్పనిదే అన్నం ముట్టనన్నాడు. అంతా విన్న తరువాతే వారు పిల్లనిచ్చారు. ఆ తరువాతే వెండి బంగారు నగలు వచ్చాయి. ముందు సత్యము, తరువాత సొమ్ము.

ఈ నేల మీద ఆ పాఠం పాతదే. 1876-78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని మన పెద్దలకిచ్చి అన్నం పెట్టారు. కాని కూటికొరకు ఎవరూ మతం పుచ్చుకోకూడదని బాప్తిస్మములు ఆపి ఉంచారు. కరవు సాయం ముగిశాకనే 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారి వ్రేళ్ళకు ఉంగరాలు లేవు. మాట మాత్రం నిలిచింది.

తలిదండ్రులారా, ఉంగరం కొనేముందు రాయిని భూతద్దంలో చూడండి. అంతకు ముందు, డబ్బు ఎక్కడిదో ఇరువైపులా చెప్పుకోండి. నావంటి కాపరులారా, మనమూ అడుగుదము. మన ఇండ్లలో కట్టబడే ప్రతి కాపురమును ప్రభువు సత్యమునందు స్థిరపరచును గాక. ఆమేన్.