సుగటూరుకు మా పాత మైకుసెట్టు

సంక్రాంతికి ముందు వారం మా ఆర్కెస్ట్రా సామానంతా టాటా ఏస్ బండికెత్తి సుగటూరు పోయాను. సుగటూరు కోలారు తాలూకాలో ఒక హోబళి ఊరు. మా ఇంటామె చెల్లెల్ని అక్కడే ఇచ్చారు. ఆమె కొడుకు, ఇంకో నలుగురు పిల్లలు కలిసి పెళ్ళిళ్ళకీ భజనలకీ పాడే గుంపు పెట్టుకుంటామన్నారు. మా దగ్గర అమ్మే సామానుందని తెలిసి ఫోన్ చేశాడు. "పెద్దనాయనా, వేరే వాళ్ళకి ఇయ్యొద్దండి, మేమే తీసుకుంటాం" అన్నాడు.

మా ఆర్కెస్ట్రాని ఎరిగినవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. వినాయకుడి పందిళ్ళు, అణ్ణమ్మ దేవి ఉత్సవాలు, నవంబరులో రాజ్యోత్సవం, కాలనీలో ఎవరింట పెళ్ళయినా మేమే. ఆరుగురం. సెకండ్ షిఫ్టు దిగి, ఒంటి మీది దూది దులుపుకుని స్టేజీ ఎక్కిన రాత్రులు ఎన్నో. మిల్లు మూతపడ్డాక కూడా కొన్నేళ్ళు లాక్కొచ్చాం. రెండేళ్ళ కింద మా డోలక్ ఆయన పోయాడు. ఆ తర్వాత ఎవరికీ చెయ్యి ఆడలేదు. సామాను పెట్టుకున్న లైను ఇంటి గదిని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడు అమ్మక తప్పలేదు.

ముందు ఎస్.పి. రోడ్డులో ఒక షాపాయన్ని పిలిచాం. ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఒక్క స్విచ్చు కూడా వెయ్యలేదు. మూటలు కట్టిన గది చూశాడు, మా ముఖాలు చూశాడు. "అంతా కలిపి 22 వేలు, ఇప్పుడే బండి తెస్తా" అన్నాడు. మాలో ఇద్దరు ఇచ్చేద్దామన్నారు. నేను ఒక్క ఆదివారం ఆగమన్నాను.

ఆ ఆదివారం అందరం కూర్చుని నోటుబుక్కులో ఒక్కో వస్తువుకీ ఒక్కో గీత గీసి రాసుకున్నాం. ఇలాంటి సామాను మీ ఇంట్లోనూ ఉండవచ్చు గనక ఎలా కట్టామో చెప్తాను. ప్రతి వస్తువుకూ రెండు ధరలు కనుక్కోవాలి. ఒకటి, అలాంటిదే కొత్తది ఈ రోజు ఎంత అని. రెండోది, ఏమీ పని చెయ్యకపోయినా ట్రాన్స్‌ఫార్మరులోని రాగికీ ఇనుముకీ అల్యూమినియానికీ పాత సామాను అంగట్లో ఎంత వస్తుందని. మన ధర ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడుండాలో చెప్పేది రిపేరు ఖర్చు. కొన్నవాడు మొదటి నెలలో ఎంత పెట్టాల్సి వస్తుందో అది మనమే ముందు తీసెయ్యాలి.

స్పీకరు చూడడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాలుగు వేళ్ళు కోను మీద సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కాలి. గరగర రాసుకుంటే కాయిలు వంగినట్టో కాలినట్టో లెక్క. టార్చిలో వేసే ఒకటిన్నర వోల్టు సెల్లు తీసుకుని రెండు వైర్లూ తాకిస్తే కోను టక్కుమని కదలాలి. మల్టీమీటరు పెడితే 8 ఓముల స్పీకరు దాదాపు 6 చూపుతుంది. ముల్లు కదలకపోతే కాయిలు తెగినట్టే. కోను అంచు చీలిందా, పెట్టె ప్లైవుడ్డుకి చెమ్మ పట్టిందా అన్నది కంటికే కనపడుతుంది. మిక్సరులో ఫేడరు జరిపితే బరబరమంటే చాలావరకు దుమ్మే. క్లీనరు కొడితే పోతుంది. కొట్టినా పోకపోతే ఆ చానెల్ ధర తగ్గించాలి.

అలా మా లెక్క తేలింది. పదిహేను అంగుళాల స్పీకరు పెట్టెలు రెండు, అందులో ఒకదానికి రీకోనింగ్ చేయించాం, 12 వేలు. అహుజా యాంప్లిఫయరు 6 వేలు. ఎనిమిది చానెళ్ళ మిక్సరులో రెండు పోయాయి, 3 వేలు. యమహా కీబోర్డు మూడు మెట్లు పలకవు, 4 వేలు. రోలండ్ రిథమ్ ప్యాడు 9 వేలు. మైకులు నాలుగు కలిపి 1,500. వైర్లూ స్టాండులూ 1,500. హారన్లు రెండు, వాటి యూనిట్లతో సహా 2 వేలు. మొత్తం 39 వేలు. పోయినవన్నీ పక్కనే ఎర్ర ఇంకుతో రాశాం. ఆ కాగితమే జేబులో పెట్టుకుని బండెక్కాను.

హొసకోట దాటేటప్పుడు డ్రైవరు సుగటూరు ఎటని అడిగాడు. ఇంకా చాలా దూరం ఉందని చెప్పాను గానీ, ఒక విధంగా సుగటూరు అక్కడే మొదలవుతుంది. హొసకోట కోట కట్టించిన తిమ్మేగౌడ సుగటూరు పాలెగాడు. కోలారు సీమ కూడా ఆ వంశం ఏలుబడిలో ఉండేది. ఈ రోజు ఆ ఊరికి పోయేవాళ్ళు కోలారు బస్టాండులో పల్లె బస్సు కోసం కాచుకోవాలి. నర్సాపురం దగ్గర మోటారు సైకిళ్ళ ఫ్యాక్టరీ బస్సులు పిల్లల్ని దింపుతున్నాయి. మన మిల్లు గేటు దగ్గర షిఫ్టు మారే వేళ ఎలా ఉండేదో అలాగే ఉంది, బట్టలు మాత్రం వేరు.

కోలారు దగ్గర కె.జి.ఎఫ్.కు దారి చూపే బోర్డు కనపడగానే నాకు కడుపులో కలుక్కుమంది. ఆ యాంప్లిఫయరు, ఆ రెండు పెట్టెలు, ఆ హారన్లు మేము కొన్నది అక్కడే.

1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టిన గనులవి. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న ఊరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ఆ ఎండాకాలంలో ఎవరో చెప్తే మేము ముగ్గురం రైలెక్కి చాంపియన్ స్టేషన్లో దిగాం. మన లైను ఇళ్ళలాంటివే అక్కడా. ఒక గని కార్మికుడు తన బ్యాండు సామాను అమ్ముతున్నాడు. ఇంట్లో ట్రంకు పెట్టెలు తాళ్ళతో కట్టి ఉన్నాయి. 14 వేలు అడిగాడు. సామానుకి అది ఎక్కువ ధరేమీ కాదు. నేను ఆ తాళ్ళు చూసి 9 అన్నాను. ఆయన 12 అన్నాడు, 11 అన్నాడు. నేను గుమ్మం దాకా నడిచాను. వెనక్కి పిలిచి 9కే ఇచ్చాడు. వాళ్ళింటామె హారన్లు రెండూ చీర కొంగుతో తుడిచి చేతికిచ్చింది. తిరుగు రైల్లో నా బేరాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఎస్.పి. రోడ్డు ఆయన మా గుమ్మంలో నిలబడి 22 అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తాళ్ళే. ఆయన మీద కోపం రాలేదు. ఆయన చూసినట్టే నేనూ చూశాను ఒకప్పుడు. ధర సామానుకి కట్టాలి, సామాను అమ్ముకునే వాడి అవసరానికి కట్టకూడదు అని నోటుబుక్కు మొదటి పేజీలో రాయించింది అందుకే. ఇప్పుడు ఇంకో చిక్కు ఏమంటే, కొనేవాడు నా కొడుకు వరస. తక్కువకిస్తే మిగతా ఐదిళ్ళకు అన్యాయం. ఎక్కువకిస్తే మా ఇంటామెకు పుట్టింటి వైపు మాట.

సుగటూరు చేరేటప్పటికి పదకొండు దాటింది. దారి పొడుగునా మల్బరీ తోటలు, టమాటా కట్టెలు, నీలగిరి చెట్లు. మరదలు ఎదురొచ్చి, "బావా, రాండి, ఎండలో వచ్చిండారు. ముందు నీళ్ళు తాగండి" అంది. చెరువుల సంగతి అడిగితే నవ్వింది. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు కదా. "మీ ఊరు వాడేసిన నీళ్ళు మాకొస్తాయి, వాడేసిన మైకుసెట్టూ మాకే వచ్చింది" అంది. బండి దింపుతున్న పిల్లలంతా పగలబడి నవ్వారు.

పట్టుపురుగుల ఇంటికి దూరంగా, గుడి ముందర బయల్లో సామాను బిగించాం. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడ్డాయట. ఆ పక్క మోత వద్దంది మరదలు. ముందు కాగితం తీసి పిల్లల చేతికిచ్చాను. ఎర్ర ఇంకు చూసి మావాడు, "పోయినవి కూడా మీరే రాస్తారా పెద్దనాయనా?" అన్నాడు. రాయకపోతే మీరు రేపు పెళ్ళి పందిట్లో కనుక్కుంటారు, అప్పుడు నాకు ఫోన్ వస్తుంది అన్నాను.

గంటసేపు వాయించి చూసుకున్నారు. కీబోర్డు పిల్లాడికి నాకంటే బాగా వచ్చు. పలకని మూడు మెట్లూ తప్పించుకుని వాయించేశాడు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "మా తమటెకి ఇవేమీ అక్కర్లేదప్పా, మంట పెడితే చాలు, రాత్రంతా పలుకుతుంది" అన్నాడు. ఆ మాట ఉత్తది కాదు. ఒకప్పుడు కోలారు జిల్లాలోనే ఉండిన పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారికి 2023లో తమటెకే పద్మశ్రీ ఇచ్చారు. తోలు కాచుకోవడం తప్ప ఆ వాద్యానికి వేరే ఖర్చు లేదు.

అరగంట దాటాక యాంప్లిఫయరులో గుంయ్ మని మోత మొదలైంది. బెంగళూరులో పది నిమిషాలే పెట్టి చూశాం, అప్పుడు రాలేదు. వేడెక్కితే వస్తోంది. లోపల ఫిల్టరు కండెన్సర్లు ముసలివయ్యాయి. మావాడు నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. చుట్టరికం కదా, వాడు అనలేడు. నేనే పెన్ను తీసి 6 వేలు కొట్టేసి 5 అని రాశాను. కోలారులో ఏ మెకానిక్కైనా మారుస్తాడు, ఆ వెయ్యి దానికి.

హారన్లు వద్దన్నారు. "ఇప్పుడెవరూ కట్టనియ్యరు పెద్దనాయనా, పోలీసులొస్తారు" అన్నారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకూ మైకు పెట్టకూడదన్న రూలు 2000లోనే వచ్చింది. మా కాలంలో ఎవరు పట్టించుకున్నారు! పిల్లలకి అది నాకంటే బాగా తెలుసు. హారన్ల 2 వేలు తీసేశాను. 36 వేలు తేలింది.

"మా తావ ముప్పైయే ఉండాది" అన్నాడు మావాడు. ఇంకో రెండు వారాలకు పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోతాయి, అప్పుడు మిగతా ఆరు ఇస్తామన్నాడు. బండెక్కేటప్పుడే మా వాళ్ళు చెప్పి పంపారు, చుట్టాల దగ్గర బాకీ పెట్టి రావద్దని. ఫోన్ చేసి అడిగాను. ఇద్దరు వద్దన్నారు. డోలక్ ఆయన ఇంటామె మాత్రం, "అన్నా, పిల్లలు పాడుకోడానికి కదా, ఇచ్చిరండి" అంది. ఆమె వాటా అందరికంటే ముందు కావలసిన డబ్బు. ఆ మాట ఆమే అనేసరికి మిగతావాళ్ళు ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం రాగిముద్ద, అవరేకాయ సారు. తింటూ ఉంటే మావాడు చెప్పాడు, ఈ పంట అయినాక సామాను పురుగుల ఇంట్లో పెట్టుకుంటామని. చెయ్యి ఆపి వద్దన్నాను. ఆ ఇంటిని పంట పంటకీ బ్లీచింగు పొడితో కడుగుతారు, పురుగులున్నంత కాలం తేమ నిలబెడతారు. పురుగుకి మంచిదే. మిక్సరు లోపలి తగరానికీ కోను కాగితానికీ అది చావు. మా గదిలో ఇన్నేళ్ళు ఆ పెట్టెలు బతికాయంటే ఇటుకల మీద ఎత్తి, పాత దుప్పట్లు కప్పి, వారానికొకసారి ఊరికే అరగంట ఆన్ చేసి పెట్టినందుకే. చివరికి మరదలు రాగుల మూటలు పెట్టే గది సగం ఖాళీ చేసిచ్చింది.

సాయంత్రం ఖాళీ బండిలో రెండు హారన్లు మాత్రం గణగణమంటూ నాతో తిరిగొచ్చాయి. బండి బాడుగ 3 వేలు పోను చేతికి 27 వేలు. మొత్తానికి మనిషికి 5,500 లెక్క. డోలక్ ఆయన ఇంటామెకు 5,500 ఆ రాత్రే ఇచ్చాం. నలుగురికి 4,500 చొప్పున. నా వంతుకు 3,500 మిగిలింది. ఎస్.పి. రోడ్డు ధరకి అమ్మి ఉంటే మనిషికి 3,700 కూడా వచ్చేది కాదు.

శివరాత్రి లోపలే మావాడు 6 వేలు పంపాడు. గూళ్ళకి మంచి ధరే పలికిందట. కండెన్సర్లు మార్పించారు, 700 అయింది, మిగిలిన 300 కూడా పంపాలా అని అడిగాడు. ఒక మైకు వైరు కొనుక్కోమన్నాను.

హారన్లు అటక మీదున్నాయి. పాత సామాను అంగడాయన తూకానికి అడిగాడు, ఇయ్యలేదు. చాంపియన్ రీఫ్స్‌లో ఆ ఇల్లు ఏ లైనులోదో నాకు ఇంకా గుర్తుంది. వాళ్ళు అక్కడ ఉన్నారో, ఎప్పుడో వెళ్ళిపోయారో. ఈ ఎండాకాలం ఒకసారి పోయి అడిగి రావాలని ఉంది.