కాలువగట్టు మీద మెల్లపరుగు

మల్లాపూర్ వచ్చినవారు గోదావరి చూసి సంతోషిస్తారు. నా మటుకు నాకు మెట్‌పల్లి వైపునున్న కాకతీయ కాలువగట్టే యాత్రాస్థలం. 1963లో నెహ్రూగారు పోచంపాడులో శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నీళ్ళే ఇవి. కాలువ పొడవు 284 కిలోమీటర్లు. చుట్టపుచూపుగా వచ్చిన నాకు పూటకు రెండు చాలు!

నాకు షుగరుందని తేల్చి, డాక్టరుగారు మెల్లగా పరుగెత్తమన్నప్పుడు మా ఆవిడ కంగారుపడింది. ఈ గట్టు మీద అంత ఆయాసం లేదు సుమండీ! నీరు తనంతట తానే పారాలి గనుక ఇంజనీర్లు కాలువకు అతి స్వల్పమైన వాలు పెట్టారు. పక్కనే సాగే తనిఖీబాటకూ అదే వాలు. ఎత్తుపల్లాలు దాదాపు లేవు. ఓ పక్క నీళ్ళు, మరో పక్క వరిమళ్ళు, పసుపు చేలు.

అయితే ఒక్క మాట. నీరు వదలిన రోజుల్లో పైకి నెమ్మదిగా కనిపించినా లోపల వడి ఎక్కువ. అంచు పలకలు నాచుపట్టి జారతాయి. దిగినవాడికి పట్టు దొరకదు. పొలానికి పోతున్న ఓ అవ్వ నన్ను చూసి, "బాట మీదనే ఉరుకు బిడ్డా, నీళ్ళ దిక్కు దిగకు" అంది.

మీరూ వెళ్ళండి. పిల్లలు వెంట ఉంటే మాత్రం వాళ్ళను చేల వైపునే నడిపించండి.