సంత చెప్పే చెవి

వర్గల్ శంభుని గుట్ట మీద, విద్యాసరస్వతి గుడిలో అక్షరాభ్యాసాలు జరుగుతుంటే నా చూపంతా చేతుల మీదే. బలపం పట్టిన పసివేళ్లు, వాటిని పట్టి ‘ఓం’ దిద్దించే పెద్ద చెయ్యి.

వేదపాఠశాలల్లో సంత చెప్పే తీరూ ఇంతే. గురువు ఒకసారి అంటాడు, శిష్యులు రెండుసార్లు అంటారు. స్వరం జారితే అక్కడే ఆపి మళ్లీ అనిపిస్తాడు. ఇక జటాపాఠంలో రెండేసి పదాలను ముందుకూ, వెనక్కూ, మళ్లీ ముందుకూ చెప్పాలి. తప్పు దాగే చోటే ఉండదు. ఈ వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో గుర్తించింది కూడా.

ఫోన్‌లో ఇప్పుడు వీడియో పాఠం ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెబుతుంది, మంచిదే. పిల్ల తప్పు పలికితే మాత్రం దానికి వినపడదు. ఒకప్పుడు కొందరికే దక్కిన, తప్పు వినే ఆ గురువు చెవి సర్కారు బడిలో ప్రతి పిల్లకూ రోజూ కాసేపైనా దక్కాలి.