విత్తనం తప్పా, నేల తప్పా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

గత వారం మా హాస్టల్లో ఫస్టియర్ తమ్ముడొకడు ట్రంకుపెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. మొదటి సెమిస్టర్లో నాలుగు సబ్జెక్టులు పోయాయి. బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. "నా బుర్రకెక్కదన్నా, మనకెందుకీ చదువు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. రెండేళ్ళ క్రితం నేనూ ఇదే మాట అన్నాను.

మాది పాడేరు వైపు ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, డిగ్రీకొచ్చేసరికి ఇంగ్లీషు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఫస్ట్ సెమ్‌లో నాకు మూడు పోయాయి. ఒక సారు క్లాసులో అందరి ముందు "మీ ఏజెన్సీ పిల్లలకి సీట్లయితే ఇస్తారు గానీ..." అని ఆగిపోయారు. మిగతాది నేనే పూరించుకున్నాను. మా విత్తనమే అంత అనుకున్నాను.

మూడో సెమిస్టర్లో బోటనీ మేడమ్ సెమినార్ టాపిక్కులు ఇచ్చారు. "మీ వైపు పైన్ చెట్లున్నాయిగా" అని నాకు పైన్ తోటల్లో కలప దిగుబడి గురించి చెప్పమన్నారు. అరకు వైపు టూరిస్టులు ఫోటోలు దిగే తోటలు చూడ్డమే తప్ప నాకేం తెలీదు. లైబ్రరీలో కూర్చుని చదివాను.

రేడియేటా పైన్ పుట్టిల్లు కాలిఫోర్నియా తీరం. అక్కడది పెద్ద కలప చెట్టేం కాదు. న్యూజిలాండ్ తీసుకెళ్ళి నాటితే 25-30 ఏళ్ళకే కోతకొస్తోంది. చెట్టు అదే. వాన, చలి, నేల మారాయి. అయితే ఆ న్యూజిలాండ్‌లోనే ఆక్లాండ్ దగ్గర రివర్‌హెడ్ అనే చోట బంకమట్టి నేలలో ఇదే చెట్టు ఎదగలేదు. మట్టిలో ఫాస్ఫరస్ చాల్లేదు. సూపర్ ఫాస్ఫేట్ వేశాక, గిడసబారిన తోట మళ్ళీ లేచింది.

అక్కడ నేల ఎలాంటిదో తెలుసుకోడానికి తోటలో పెద్ద చెట్ల ఎత్తు కొలుస్తారు. రేడియేటాకి ఆ లెక్క 20 ఏళ్ళ వయసులో చూస్తారు. అంటే 20 ఏళ్ళ చెట్టుని కొలిచి మార్కులు నేలకి వేస్తారు! నాకిప్పుడు 20. నా మార్కులు మాత్రం నాకే వేశారు.

ఇంకోటి. మొక్కలు మరీ దగ్గరగా నాటితే ఎత్తు పెద్దగా తగ్గదు గానీ కాండం లావెక్కదు. అందుకే మధ్యలో బక్కచెట్లని కొట్టి తోట పలచన చేస్తారు. మా గదిలో పద్నాలుగు మందిమి. ఇక్కడ ఎవరూ కొట్టక్కర్లేదు, బక్కవాళ్ళు వాళ్ళే పెట్టె సర్దుకుంటారు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ప్యూర్టోరికో సంగతి. పైన్ సహజంగా లేని దీవి అది. ఎన్నిసార్లు విత్తనం తెచ్చి వేసినా మొలిచేవి, పసుపెక్కేవి, చచ్చిపోయేవి. చివరికి 1950లలో అమెరికాలో పైన్ చెట్ల కింది మట్టి తెచ్చి మొక్కల మొదట్లో కలిపారు. అప్పుడు అందుకున్నాయి. ఆ మట్టిలో ఒక బూజు ఉంటుంది. వేరుని అంటుకుని, వేరు చేరలేని చోటికి దారాలు పాకించి నీళ్ళూ ఫాస్ఫరస్సూ తెచ్చిపెడుతుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. ఆ బూజు లేని నేలలో ఎంత మంచి విత్తనమైనా అంతే.

విత్తనంతో పనే లేదనడం లేదు. మంచి చెట్ల నుంచి విత్తనం ఏరి నాటితే కలప పెరుగుతుంది, అదీ నిజమే. కానీ మొక్క పసుపెక్కగానే విత్తనాన్ని తిట్టేవాడు రైతు కాడు. ఇదంతా ఫోన్లో అయ్యకి చెప్తే నవ్వాడు. "నీడ లేనిచోట కాఫీ మొక్క నాటి, అది మాడిపోతే నారుని తిడతామేట్రా? ఇది చదువుకుంటే గాని తెలీలేదా నీకు?" అన్నాడు.

నా విషయంలో ఆ పిడికెడు మట్టి మా గదిలో సీనియర్ అన్న. రోజూ రాత్రి భోజనాలయ్యాక కెమిస్ట్రీ ముందు మన మాటల్లో చెప్పి, తర్వాత ఇంగ్లీషులో రాయించేవాడు. మూడు సబ్జెక్టులూ అలాగే లాగాను. ఆయన వెళ్ళిపోయాక ఆ పని నేను చేయలేదు. నా చదువు నేను చూసుకున్నాను. ఆ తమ్ముడు నాకు రెండు మంచాల అవతలే పడుకునేవాడు.

గదులు పెంచమని, ట్యూటర్లని వేయమని అడుగుదాం, అడగాల్సిందే. అవి వచ్చేలోపు సెకండియర్, థర్డియర్ వాళ్ళం ఒక్కొక్కరం ఒక ఫస్టియర్ పక్కన రోజూ ఓ గంట కూర్చోలేమా? మీ హాస్టళ్ళలో ఎవరైనా ఇలా చేస్తుంటే కింద రాయండి, మేమూ నేర్చుకుంటాం.

మొన్న ఆదివారం తమ్ముడికి ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం కొండెక్కి మాట్లాడాడు. వస్తాననలేదు, రాననలేదు. సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరి తేదీ ఎప్పుడని మాత్రం అడిగాడు.